రానివాళ్ల జాబితా

అనసూర్య ఆఫీసు తలుపుకు తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తుంది. మూడోసారి లాగి నాలుగడుగులు వేశాక ఆగి, మళ్లీ తాళం వైపు తిరిగి చూస్తుంది. "తాళం ఎటు పోదు చెల్లె, నువ్వు లాగి లాగి తలుపే ఊడొస్తది" అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆమె నవ్వదు. "ఇంకొక్కసారి చూసొస్తనే అన్నా" అని వెనక్కి పోతుంది.

నా పేరు పరశురాములు. ఆదిలాబాద్‌లో పత్తి గింజ తీసే నాలుగు జిన్నింగ్ మిల్లులు కలిసి పెట్టుకున్న ఒక సంఘంలో పని నాది. గేటు లోపల నిలబడి, వచ్చిన పత్తిలో మీటరు గుచ్చి తేమ చూస్తాను. పన్నెండు శాతం దాటితే బండి వెనక్కి. ఇరవై ఏళ్లుగా రైతుల తిట్లు తిని బతుకుతున్నవాణ్ణి కాబట్టి నాకు భయం తక్కువ, నోరెక్కువ. అనసూర్య కంప్యూటర్లు చూసుకుంటుంది. ఆమెకు నోరు లేదు, ఉన్నదంతా భయమే.

ఆమె పుట్టిల్లు గోదావరిఖని. వాళ్ల బాపు సారయ్య బొగ్గుబావి మీద దీపాల గదిలో పనిచేసేవాడు. బావిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న బిళ్ల ఆయన చేతికిచ్చి దీపం తీసుకోవాలి. పైకొచ్చాక దీపం ఇచ్చేసి బిళ్ల తీసుకోవాలి. షిఫ్టు అయిపోయాక బోర్డు మీద ఒక్క బిళ్ల మిగిలినా సారయ్య ఇంటికి పోయేవాడు కాదట. ఒకసారి అలాగే ఒక బిళ్ల మిగిలింది. వాడు ఇంకో దారిన ఎక్కి ఇంటికి పోయుంటాడని పక్కవాళ్లు ఎంత చెప్పినా వినకుండా ఆయన మనుషులను లోపలికి పంపించాడు. కాలు విరిగి పట్టాల పక్కన కూర్చున్న మనిషి దొరికాడు. "పోయినోళ్లను ఎవ్వడన్న లెక్కవెడ్తడు బిడ్డా, రానోళ్లను లెక్కవెట్టుడే నా నౌకరి" అన్నాడట ఆ రోజు ఇంటికొచ్చి. అప్పుడు అనసూర్యకు పదేళ్లు. ఈ ముచ్చట మాకు నెలకోసారైనా వినిపిస్తుంది కాబట్టి నాకు కంఠతా వచ్చేసింది.

మా సంఘంలో పత్తి అమ్మాలంటే స్లాట్ ఉండాలి. రైతు తన నంబరుతో మా వెబ్‌సైట్‌లోకి పోయి రోజు బుక్ చేసుకుంటాడు. పొద్దున పది గంటలకు మర్నాటి నుంచి మూడు పనిరోజుల స్లాట్లు తెరుస్తారు. స్లాట్ లేని బండి గేటు దాటదు. పద్ధతి మంచిదే, కాకపోతే దాన్ని గేటు దగ్గర సమర్థించాల్సింది నేను.

సీజన్ మొదట్లో పేరు రాయించుకోవడానికి శంకరవ్వ వచ్చింది. ఆమెది పెన్‌గంగ ఒడ్డున పింపల్‌గూడ, నది దాటితే మహారాష్ట్ర. రెండెకరాల పత్తి, ఒక్క గది ఇల్లు. అనసూర్య బల్ల మీద ఉడకబెట్టిన కందికాయలు గుప్పెడు పెట్టి చెప్పింది. "ఇల్లంత పత్తే బిడ్డా. మేం వాకిట్ల పండుకుంటున్నం. పైన రేకులకు తూట్లు వడ్డయ్. వాన రాకముందే నా పత్తి జర లోపలికి తీస్కోండ్రి, తడిస్తే నాకు ఏడాదంత ఏం లేదు."

"ఫికర్ చెయ్యకు అవ్వా, నేను చూస్త" అంది అనసూర్య. ఆమె ఇచ్చిన మాట అది. అందరికీ అలా మాటివ్వొద్దని నేను తర్వాత చెప్పాను.

డిసెంబరు మొదటి వారంలో గోల మొదలైంది. పదింటికి తెరిచిన స్లాట్లు పదీ రెండుకల్లా అయిపోతున్నాయి. ఎవరో దళారులు రైతుల నంబర్లు పోగేసి, మనిషి వేలు పెట్టక్కర్లేకుండా కంప్యూటర్‌తోనే బుక్ చేయిస్తున్నారని అనసూర్య తేల్చింది. రైతులు వచ్చి గేటు దగ్గర నన్ను తిట్టారు, నేను లోపలికొచ్చి అనసూర్యను తిట్టాను. సంఘం కార్యదర్శి రామచంద్రం సార్ ఎవరినీ తిట్టలేదు. "సోమవారం సాయంత్రం వరకు బందు కావాలె" అన్నాడు, అంతే.

అప్పుడే అనసూర్య నాకు ఫైర్‌వాల్ సంగతి చెప్పింది. వెబ్‌సైట్‌కు వచ్చే ప్రతి ఫోనూ, ప్రతి కంప్యూటరూ ఒక అంకెల చిరునామాతో వస్తుందట. దాన్ని ఐపీ అడ్రస్ అంటారు. ఫైర్‌వాల్ అనేది మా గేటు వాచ్‌మన్ లాంటిదే. ఏ చిరునామాను రానివ్వాలి, దేన్ని ఆపాలి అని వరుసగా రాసిన చీటీ అతని చేతిలో ఉంటుంది. పైనుంచి చదువుతాడు. వచ్చినవాడికి సరిపోయే మొదటి వరుస దొరకగానే దాని ప్రకారం చేసేస్తాడు, కింద ఏం రాసుందో చూడడు.

దొంగ బుకింగులన్నీ మహారాష్ట్రవని చూపించే చిరునామాల నుంచి వస్తున్నాయి. సోమవారం సాయంత్రం ఆమె ఆ చిరునామాలన్నిటినీ ఆపేయమని చీటీలో రాసింది. మూడుసార్లు చదువుకుంది. "గిట్ల ఆపితే మంచోళ్లు గూడ ఆగిపోతరేమో అన్నా" అంది.

"మహారాష్ట్రోళ్లకు మన స్లాట్లతోని ఏం పని? ఆపు" అన్నాను. అన్నది నేనే. అది దాచుకోను.

మంగళవారం మధ్యాహ్నం వరకు స్లాట్లు మిగిలే ఉన్నాయి. బుధవారం కూడా. రామచంద్రం సార్ మిర్చి బజ్జీలు తెప్పించాడు. అందరం తిన్నాం. అనసూర్య ఒక్క బజ్జీ చేతిలో పట్టుకుని స్క్రీన్ చూస్తూ కూర్చుంది. ఆపిన వాళ్ల సంఖ్య అక్కడ పెరుగుతూ ఉందట. వందలు దాటి వేలకు పోయింది. "గిందరు దొంగలుంటరా?" అని అడిగింది. బజ్జీ చల్లారిపోతుందని చెప్పాను.

గురువారం సాయంత్రం ఆమె చేతిలో ఒక కాగితంతో గేటు దగ్గరికి వచ్చింది. ఊరివారీగా మూడు రోజుల బండ్లు రాసుకుంది. పింపల్‌గూడ ఎదురుగా మూడు సున్నాలు.

"అన్నా, గీ మూడు దినాలల్ల పింపల్‌గూడ నుంచి ఒక్క బండి రాలే. నువ్వు చూసినవా?"

"నేనెందుకు చూస్త? వచ్చినోళ్లను చూసుడే అయితలేదు నాకు" అన్నాను.

"రాకుంటే వచ్చి లొల్లి వెట్టాలె గద. లొల్లి గూడ వెట్టలే." ఆమె ఆ సున్నాల మీద వేలు పెట్టింది. "ఎల్లుండి వానున్నదన్నా."

అక్కడే నిలబడి ఆమె అంబదాస్‌కు ఫోన్ చేసింది. అంబదాస్ పింపల్‌గూడలో కిరాణా కొట్టు నడుపుతాడు. ఊళ్లో స్లాట్లన్నీ అతనే బుక్ చేస్తాడని రైతుల నంబర్ల పక్కన అతని ఫోన్ నంబరు చూసినప్పుడే ఆమెకు అర్థమైంది. ఇరవై రెండు ఇళ్లకు నెట్ ఉన్న ఫోను అదొక్కటే. మాట బయటికే వినిపిస్తోంది.

"బుకింగ్ ఎందుకు చేస్తలేరు అంబదాసన్నా?"

"మీరే వద్దన్నరు గద మేడం."

"ఎవరన్నరు?"

"మీ సైటే అన్నది. మీకు ప్రవేశం లేదు అని ఎర్ర అక్షరాలల్ల రాసొచ్చింది. మూడు దినాల సంది గదే."

"మరి మాకు ఫోన్ చెయ్యాలె గద."

"ప్రతి ఏడు మీ గేటు కాడ మమ్ముల నదవతలి పత్తి తెచ్చిండ్రని అనుమానపడ్తరు. ఇగ ఈసారి రాసే వెట్టిండ్రు అనుకున్నం. రావద్దంటే ఎట్ల వస్తం? రేపు పొద్దుగాల్ల అవతలి బేపారి బండి తెస్తడు, అడ్డికి పావుశేరు అడుగుతుండు గని ఇచ్చేస్తం. శంకరవ్వ గూడ మూటలు కట్టింది."

మా వైపు టవరు వాళ్లకు అందదు. పింపల్‌గూడలో నెట్ కావాలంటే నీళ్ల ట్యాంకు మెట్లెక్కాలి, అక్కడ దొరికేది నది అవతలి టవరు. ఆ టవరు మీదుగా వచ్చే ఫోన్లన్నీ మహారాష్ట్రవని చూపిస్తాయి. అనసూర్య ఆపింది ఆ చిరునామాలనే. అదీ గాక ఇరవై రెండు పేర్లకు ఒకే ఫోన్ నుంచి బుక్ చేసే అంబదాస్ కంప్యూటర్ కళ్లకు అచ్చం దళారిలాగే కనిపిస్తాడు.

"మూటలు ఇయ్యకుండ్రి" అంది అనసూర్య. "రేపు పదింటికి నేను తెరుస్త. శంకరవ్వను ఒక్క దినం ఆగుమను."

ఫోన్ పెట్టేశాక నా వైపు చూసి, "తెరవకపోతే ఆమెకు బేపారి గూడ ఉండడు" అంది. ఇద్దరం కార్యదర్శి గదికి నడిచాం.

రామచంద్రం సార్ ఒప్పుకోలేదు. "మొత్తం తెరుస్తే దొంగలు మల్ల జొర్రుతరు. గప్పుడు జిమ్మేదారి ఎవరిది?"

"మొత్తం తెరుస్తలేను సార్. అంబదాస్ ఫోన్ పోయిన నెలల ఏ చిరునామాలకెళ్లి వచ్చిందో నా దగ్గరున్నయి. ఏడున్నయి. గవ్వి మట్టుకే వదుల్త, తొందరతొందరగా కొట్టేటోళ్లు ఆగేటట్టు హద్దు గూడ పెడ్త. ఏమన్న అయితే జిమ్మేదారి నాదే." నాకు తెలిసి ఆమె ఆయన ముందు అంత పొడుగు మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని సరేనన్నాడు.

శుక్రవారం పది గంటలకు నేను కూడా మీటరు పక్కన పెట్టి ఆమె గదిలో నిలబడ్డాను. ఏడు చిరునామాలూ ఒక్కొక్క అంకె వేలుతో తాకుతూ మూడుసార్లు సరిచూసింది. పదీ ఒకటికి ఫోన్ మోగింది.

"మేడం, గదే ఎర్ర అక్షరాలు." వెనకాల గాలి చప్పుడు, అంబదాస్ ట్యాంకు మీదున్నాడు. "బేపారి బండి కింద నిలవడ్డది. శంకరవ్వ నన్నే చూస్తుంది. ఏం జెయ్యాలె?"

అనసూర్య అంకెలు మళ్లీ చూసింది. సరిగ్గానే ఉన్నాయి. ఇంకోసారి చూసింది. బయట మబ్బు కమ్ముకుంటోంది. ఏం అనాలో తెలియక, "వాచ్‌మన్ పైకెల్లి చదువుతడని చెప్పినవ్ గద, మరి గిది కిందున్నదేంది?" అన్నాను. తెలిసి అన్నది కాదు.

ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది. కొత్తగా రాసిన వరుస జాబితా అడుగుకు చేరింది. వాచ్‌మన్ పైన ఉన్న 'ఆపు' దగ్గరే ఆగిపోతున్నాడు. అంకెలను మూడుసార్లు చూసుకున్న మనిషి వాటి చోటు చూసుకోలేదు. వరుసను పైకి లాగింది.

"ఇప్పుడు చూడు అంబదాసన్నా."

చాలాసేపు గాలి చప్పుడే వినిపించింది. తర్వాత, "వచ్చింది" అన్నాడు. "ముందుగాల ఎవరిది చెయ్యాలె?"

"శంకరవ్వది."

శనివారానికి శంకరవ్వతో కలిపి ఐదు స్లాట్లు దొరికాయి, మిగతావాళ్లకు సోమ, మంగళవారాలు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అనసూర్య మాత్రం కిటికీలోంచి మబ్బునే చూసింది. ఆమె భయపడిందే జరిగింది. శనివారం వస్తుందన్న వాన శుక్రవారం సాయంత్రానికే వచ్చేసింది.

శనివారం పొద్దున శంకరవ్వ ట్రాలీ గేటు దాటింది. పైన తాడిపత్రి పట్టా కప్పి ఉంది. అనసూర్య గది వదిలి వచ్చి నా పక్కన నిలబడింది. పైమూటలో మీటరు గుచ్చాను. పదకొండు. మధ్యలో పద్నాలుగు. రేకుల తూట్ల కింద ఉన్న మూటలు అవి. నేను అంకె చెప్పలేదు. శంకరవ్వ నా మొహం చూసే తెలుసుకుంది.

"నేనే ఆపిన అవ్వా" అంది అనసూర్య. "మీరు వద్దు అని నేను రాయలే. గని ఆపింది నేనే. మూడు దినాలు నా వల్ల పోయినయ్."

శంకరవ్వ ఆమెను కిందికీ మీదికీ చూసింది. "మరి ఆపినవని నీకెట్ల తెల్సింది బిడ్డా?"

"మీ ఊరోళ్లు ఎవ్వరు రాలే అని."

ముసలామె తడిసిన మూటలు విడిగా జరపసాగింది. తడిసిన మూటలు వెనక్కి పంపమని రూలు చెబుతుంది. ప్లాట్‌ఫారం మీద ఆరబెట్టుకుని మళ్లీ చూపించుకోవచ్చని కూడా అదే రూలులో ఉంది, కానీ జాగా ఇవ్వాల్సింది నేను. సరిహద్దు ఊళ్ల బండ్లకు ఇరవై ఏళ్లలో ఒక్కసారీ ఇవ్వలేదు. ఆ రోజు ఇచ్చాను.

ఆదివారం ఎండ కాసింది. ముగ్గురం ప్లాట్‌ఫారం మీద కూర్చుని పత్తి తిరగేశాం. మబ్బు తునక కనిపించినప్పుడల్లా అనసూర్య తలెత్తి చూసేది. చివరికి చెప్పేశాను.

"చెల్లె, నువ్వు మొన్న అడిగితే చూడలే అన్న గద. చూసిన. మంగళవారం నాడే చూసిన, పింపల్‌గూడ బండి రాలే అని. రాకుంటే మంచిదే, ఓ లొల్లి తప్పింది అనుకున్న."

అనసూర్య చేతులు ఆగాయి. శంకరవ్వ వినే ఉంటుంది, రెండు గజాల దూరంలోనే కూర్చుంది. తల ఎత్తలేదు. "అడుగున ఇంక పచ్చిగున్నది, కిందికెల్లి తియ్యుండ్రి" అంది. నేను కిందినుంచి తీశాను.

సోమవారం మధ్యాహ్నం మీటరు పదకొండున్నర చూపింది. పత్తి లోపలికి పోయింది. శంకరవ్వ పోతూ పోతూ అనసూర్య బల్ల మీద కందికాయలు పెట్టింది. నాకేం పెట్టలేదు. న్యాయమే.

అప్పటినుంచి సాయంత్రం అయిదింటికి అనసూర్య ఫోన్ చేస్తుంది. "ఇయ్యాల ఎవరు రాలే అన్నా?" అంటుంది. నేను స్లాట్ ఉండీ రాని పేర్లు, బండి కనిపించని ఊళ్లు చెబుతాను. ఆమె తన వైపు చీటీలో వాళ్లెవరైనా ఆగిపోయారేమో చూస్తుంది, నేను వాళ్లకు ఫోన్ చేస్తాను. నిన్న పింపల్‌గూడ నుంచి అందరూ వచ్చారు, ఒక్క బుచ్చవ్వ తప్ప. రెండుసార్లు చేశాను, ఎత్తలేదు. ఏం లేదులే, ఫోన్ ఇంట్లో పెట్టి చేనుకు పోయుంటుంది అనుకుని సైకిలెక్కాను. మిల్లు మలుపు దాకా పోయి, ఆగి, మళ్లీ చేశాను.