పన్నెండు గంటల మాత్ర

మేముండే హామిల్టన్ ఊరి నుంచి కారులో ముప్పావుగంట వెళ్తే వచ్చే కొండ అది. ఎక్కే ముందు రోజే డైరీలో వేళలన్నీ రాసుకున్నాను. ఎనిమిదింటికి ఎక్కడం మొదలు, పదిన్నరకు కొండ పైన, పన్నెండున్నరకు కింద పబ్‌లో భోజనం. మా ఆవిడ షుగర్ మాత్ర భోజనానికి అరగంట ముందు పడాలి కనక పన్నెండు ఎదురుగా ‘మాత్ర’ అని రాశాను. రిటైరైనప్పటి నుంచి ఆమె షుగర్ లెక్కంతా నాదే. రోజూ ఉదయం ఆమె హ్యాండ్‌బ్యాగు వెతికి, తీపి ఏదున్నా తీసేసేవాణ్ణి.

దిగేటప్పుడు మంచు కమ్మింది. చెట్లకు కొట్టిన నారింజ రంగు త్రికోణాలే అక్కడ దారికి గుర్తు. అవి కనబడక, ఒక వాగు వెంట తప్పుదారిలో చాలా దూరం దిగిపోయాం. వెనక్కి ఎక్కి సరైన దారిలో పడేసరికి ఒంటిగంట దాటింది. పబ్ ఇంకా గంట దూరం.

అప్పుడు వెనక నుంచి ఆమె అంది: “స్టవ్ కట్టేయండి. పాలు పొంగుతున్నాయి.”

తిరిగి చూశాను. అంత చలిలో ఆమె నుదుటి మీద చెమట. చేతులు వణుకుతున్నాయి. మాత్ర వేసుకున్నావా అని అడిగాను.

“పన్నెండుకి వేసుకోమని మీరే రాశారు కదండీ.”

నేను త్రికోణం కోసం ముందుకు వెళ్లినప్పుడు వాగు దగ్గర వేసుకుందట. మాత్ర పడి తిండి పడక షుగర్ దిగిపోతోంది. తినడానికి మా దగ్గర ఏమీ లేదు. ఎలాగూ పబ్‌లో తింటాం, బరువెందుకని బిస్కెట్ల డబ్బాను నేనే కారులో వదిలేయించాను. ఫోనుకు సిగ్నల్ లేదు. జేబులన్నీ తడిమితే దగ్గు బిళ్లలు దొరికాయి. చక్కెర లేనివి. ఏరి కొన్నది నేనే.

ఆమె బురదలోనే కూర్చుని, కాసేపు పడుకుంటానంది. మాట ముద్దగా వస్తోంది. వదిలి కిందికి పరిగెత్తనా, వదలకుండా ఇక్కడే ఉండనా? ఏదీ తేలలేదు. ఆమె భుజాలు పట్టుకుని, తీపి ఏమైనా ఉందా, ఎక్కడైనా ఉందా అని అడిగిందే అడుగుతున్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది.

“తిట్టరుగా?”

తిట్టనన్నాను. తన ఉన్ని టోపీ మడతను వేలితో చూపింది. అందులో మూడు జెల్లీలు, మా మనవరాలి పుట్టినరోజు నాటివి, ఒకదానికొకటి అతుక్కుని నూగు పట్టి ఉన్నాయి. విడదీసి ఒక్కొక్కటే నోట్లో పెట్టాను. పావుగంట గడియారం వైపే చూస్తూ కూర్చున్నాను. చెమట ఆరింది. పాల సంగతి చెబితే, “కొండ మీద పాలెక్కడివండీ?” అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. త్రికోణం కనబడిన ప్రతిచోటా ఆగి ఆమెను ఏదో ఒకటి అడిగి, జవాబు సరిగ్గా వచ్చాకే అడుగు వేశాను.

పబ్‌లో వంట కట్టేసే వేళకు చేరాం. కౌంటర్ దగ్గరున్నావిడ మమ్మల్ని చూసి, ఏమీ అడగకుండా ముందు ఆరెంజ్ జ్యూస్ తెచ్చిపెట్టింది. తర్వాత చేప, చిప్స్ వచ్చాయి. మా ఆవిడ ఆకలిగా తింది. నాకు డైరీ తీయబుద్ధి కాలేదు.

ఇంట్లో ఇంకా ఎక్కడెక్కడ దాచావని అడిగాను. ఆమె చిప్స్ తింటూ, చెప్పనంది. మళ్లీ అడగలేదు.