రంగూన్ మాణిక్యమ్మ కూతురి పురుడు

మా మాణిక్యమ్మత్తని ఊళ్లో అందరూ రంగూన్ మాణిక్యమ్మ అనేవారు. పెళ్లయిన కొత్తలో మొగుడితో కలిసి బర్మా వెళ్లి, అక్కడి పురుళ్ల ఆసుపత్రిలో వార్డు ఊడ్చేది. యుద్ధమొచ్చి బాంబులు పడ్డాక, మొగుణ్ణి దారిలోనే పోగొట్టుకుని, ఏడాది పిల్ల మల్లేశ్వరిని చంకనేసుకుని మా ఊరు చేరింది. వచ్చింది మొదలు ఒకటే పాట.

"రంగూన్‌లో అయితేనా, నెల తప్పిందంటే నర్సమ్మ ఇంటికొచ్చి చూసిపోయేది. ఇక్కడ గొడ్డు ఈనినా, ఆడది కన్నా ఒకటే!"

"అబ్బో, మళ్లీ ఓడెక్కిందిరా రంగూన్ అత్త!" అని మిరపకాయలు కోస్తూ ఆడవాళ్లు ఎగతాళి చేసేవారు. నేనూ నవ్వేదాన్ని. నా నోట మన్నుపడ, ఆవిడ చెప్పింది నిజమేగా!

మా మెట్ట పల్లెకు ఉన్న దిక్కల్లా మంత్రసాని మాబూబీయే. ఇంటింటా పురుళ్లు పోసినందుకు ఏటా మిరప కళ్లంలో ఆవిడకు గంపెడు కాయలు ఇచ్చేవాళ్లం. దాన్ని మేర అంటారు. ఆవిడ బతుకు దాని మీదే.

పంతొమ్మిది వందల అరవైలో పన్నెండు మైళ్ల అవతల సర్కారు ఆరోగ్య కేంద్రం కట్టారు. తొలికాన్పుకు పుట్టింటికొచ్చిన మల్లేశ్వరి పేరు అక్కడ రాయించడానికి అత్త నడిచి వెళ్లింది. తిరిగొచ్చాక ఆవిడ కాలు నేలమీద నిలవలేదు. ఆ సంతోషంలోనే నోరు జారింది. కళ్లంలోకి మాబూబీ గంప పట్టుకొస్తే, "ఇంక నీతో పనేముందే? మాకూ నర్సమ్మ వచ్చిందిగా!" అనేసింది. అది విని మిగతావాళ్లూ చెయ్యి ముడుచుకున్నారు. కాయలు మిగులుతాయంటే ఎవరికి చేదు? మా నాన్నా ఇవ్వలేదు. మాబూబీ మూట కట్టుకుని, వినుకొండ దగ్గర చెల్లెలి ఊరికి వెళ్లిపోయింది.

నెల తిరక్కుండానే ఒక పొద్దున మల్లేశ్వరికి నొప్పులొచ్చాయి. మా అన్న రోశయ్య సైకిలెక్కి కేంద్రానికి పోయి, మధ్యాహ్నానికి ఒక్కడే తిరిగొచ్చాడు.

"తాళం వేసుందత్తా! నర్సమ్మ ఇంకో ఊరికి పురుడు పొయ్యడానికెళ్లిందంట."

అప్పటికే మగబిడ్డ పుట్టి కేరుమన్నాడు. నెత్తురే ఆగడం లేదు.

"అత్తా, నువ్వు అక్కడ అన్నీ చూశావుగా, ఏదో ఒకటి చెయ్యవే!" అని అరిచాను.

అత్త రెండు చేతులూ చాపి చూపించింది. "చూశానే తల్లీ, చూశాను. ఊడ్చినదాన్నే గానీ చేసినదాన్ని కాదే! మాబూబీ ఉంటే... అయ్యో, చేతులారా పంపించేశానే!"

బండి కట్టి అద్దంకి ఆసుపత్రికి తోలాం. పొలిమేర దాటిన కాసేపటికే మల్లేశ్వరి తల్లి ఒళ్లో కళ్లు తేలేసింది. పంతొమ్మిదేళ్లు. నాకంటే ఆరు నెలలు చిన్నది. బండి వెనక్కి తిప్పుతుంటే అత్త ఏడ్చిన ఏడుపు పగవాళ్లకు కూడా వద్దు.

నాలుగో రోజు నర్సమ్మ వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల, కాళ్లనిండా దుమ్ము, చేతిలో సంచి. "మల్లేశ్వరిగారి ఇల్లు ఇదేనాండీ?" అంది. నేను ఇంతెత్తున లేచాను. పసివాణ్ణి భుజాన వేసుకున్న అత్త నన్ను పక్కకు నెట్టి, ఆ పిల్లను కూర్చోబెట్టి, జరిగింది చెప్పింది. గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది.

"ఎన్ని ఊళ్లమ్మా నీకు?"

"ముప్ఫై రెండండీ."

"నీతో ఇంకెవరూ లేరా?"

"లేరండీ. నేనొక్కదాన్నే."

అత్త గోడకానుకుని కూర్చుంది.

"రంగూన్‌లో మల్లేశ్వరి పుట్టినప్పుడు నా మంచం చుట్టూ ముగ్గురు నర్సమ్మలు నిలబడ్డారమ్మా," అంది. "నువ్వూ అట్లాగే వస్తావనుకుని, ఉన్న ఒక్కదాన్నీ వెళ్లగొట్టాను."

ఆ పిల్ల మజ్జిగ తాగలేక గ్లాసు కింద పెట్టేసింది.