బుల్లి చదివిన వృద్ధాప్యం

ఇంట్లో అందరూ బుల్లి అని పిలిచే ఆ అమ్మాయి డిగ్రీలో వృద్ధాప్య శాస్త్రం తీసుకుంటానన్నప్పుడు నాన్న నవ్వాడు.

"ముసలితనం దానంతటదే వస్తుంది కదే, దానికీ చదువు కావాలా?" అన్నాడు.

బుల్లి లెక్క వేరు. వయసు మళ్లినవాళ్లు రోజురోజుకీ పెరుగుతున్నారు. వాళ్లకు తగ్గట్టు ఇళ్లు కట్టించాలి, పగలు వాళ్లను చూసుకునే కేంద్రాలు నడపాలి. పనికి కొదవుండదు. ఏదో ఒక ఊళ్లో తనకంటూ ఓ గది, ఓ ఉద్యోగం దొరక్కపోవు. ఇల్లు దాటడానికి అదే దారి అనుకుంది.

మొదటి ఏడాది పూర్తయ్యేసరికి ఆ దారి ఇంటి చుట్టూ తిరిగొచ్చి నానమ్మ గది ముందే ఆగింది. నానమ్మ మందులా? బుల్లినడగండి. కాళ్లు తిమ్మిరెక్కాయా? బుల్లి చదువుతున్నది అదేగా. అంతవరకూ వంతులేసుకుని చూసుకున్న అమ్మా నాన్నా మెల్లగా చేతులు దులుపుకున్నారు. పిలిచి పిలిచి విసుగెత్తి, స్నేహితురాళ్లు సినిమాలకు పిలవడం మానేశారు.

పోనీ నానమ్మ అయినా సుఖపడిందా అంటే అదీ లేదు. బుల్లి క్లాసులో విన్నదల్లా ఇంటికి మోసుకొచ్చేది. కాలు జారుతుందని గదిలో చాప తీసేసింది. కూరల్లో ఉప్పు తగ్గించింది. స్నానాల గది గోడకు పట్టుకోవడానికో కడ్డీ బిగించి, తలుపు గడియ ఊడదీయించింది.

రెండో ఏడాదిలో లెక్చరరు, ఎవరైనా పెద్దవాళ్ల దగ్గర కూర్చుని వాళ్లకేం కావాలో అడిగి రమ్మంది. బుల్లి నానమ్మ ఎదుట కూర్చుంది.

"నీకేం కావాలి నానమ్మా?"

"గడియ."

"ఏ గడియ?"

"స్నానాల గది గడియ. నేను ఒంటిమీద నీళ్లు పోసుకుంటుంటే 'బాగానే ఉన్నావా' అంటూ తలుపు తోసుకొస్తావు. బాగానే ఉన్నాను. నువ్వొచ్చాకే బాగుండదు."

"పడిపోతే?"

"అరుస్తాను. నా గొంతు సంగతి మీ తాతనడుగుదువుగానీ, ఆయన లేడాయె."

బుల్లికి నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఓ సంగతి తట్టింది. ఇల్లు తనను కట్టిపడేసినట్టే, తను ఈ మనిషిని కట్టిపడేసింది. ఆ సాయంత్రమే వడ్రంగిని పిలిచి, అవసరమైతే బయటినుంచీ తీయగలిగే గడియ పెట్టించింది.

ఆఖరి ఏడాది శిక్షణకు లెక్చరరు ఆమెను వేరే ఊళ్లో ఉన్న పెద్ద వృద్ధుల నివాసానికి ఎంపిక చేసింది. బుల్లి బట్టలు సర్దుకుంది.

"నువ్వెళ్తే నానమ్మనెవరు చూస్తారు? ఇందుకేగా చదివింది," అన్నాడు నాన్న. అమ్మ బట్టలు మడతపెడుతూ తలెత్తలేదు.

"నేనేం పసిపిల్లనా? దాన్ని పోనీరా," అంది నానమ్మ గదిలోంచి. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు.

నాన్న తనే కాలేజీకి వెళ్లి మాట్లాడి, రెండు వీధుల అవతల వృద్ధుల్ని పగలు చూసుకునే కేంద్రంలో శిక్షణ ఖాయం చేసుకొచ్చాడు. చదువయ్యాక అక్కడే ఉద్యోగమిచ్చారు. బుల్లి పని బాగా చేస్తుందని పేరు తెచ్చుకుంది. తండ్రి తరఫున తామే మాట్లాడేసే కొడుకులతో, "ముందు ఆయన్నడగండి," అనేది. సాయంత్రం సంచీ భుజాన వేసుకుని ఆ రెండు వీధులే నడిచి ఇంటికొచ్చేది.

ఓ ఆదివారం అత్తయ్య ఫోన్ చేసింది. "మా మామగారిని ఓ నెల మీ ఇంట్లో ఉంచుతానే. నువ్వున్నావనే ధైర్యం."

'సరే' అన్న మాట బుల్లి నాలుక మీదికొచ్చేసింది. ఈలోగా నానమ్మ చెయ్యి చాచి ఫోన్ లాక్కుంది.

"ఏమే, మీ మామగారినడిగావా? లేదూ. బుల్లినడిగావా? అదీ లేదూ. ఇక్కడ కుదరదు," అని కూతురి ఫోన్ పెట్టేసింది.

"అత్తయ్య బాధపడుతుంది నానమ్మా."

"పడదు. మీ నాన్నకు చేస్తుంది."

అన్నంతా అయింది. కాసేపటికి హాల్లో ఫోన్ మోగింది. "దానికేం, తీసుకొచ్చెయ్. బుల్లి ఉందిగా," అంటున్న నాన్న గొంతు ఇద్దరికీ వినబడింది.

నానమ్మ మంచం మీద కాస్త పక్కకు జరిగింది. బుల్లి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.