రాగాల మేస్త్రి

సౌదీలో, అల్ ఖోబర్‌లో, మా లేబర్ క్యాంపులో టైల్స్ వేసే మేస్త్రి ఒకాయన ఉండేవాడు. శుక్రవారాలు మాతో ఆడించడానికి యక్షగానాలు కట్టేవాడు. వాటిలో రాజులూ రాక్షసులూ ఉండరు. మాకు వీసాలిచ్చిన కఫీలూ, ఫోర్‌మనూ, మేమే. మాటలూ మావే. ఎవరైనా కడుపు మండి ఏదో అంటే చాలు, ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "మల్లొక్కపారి అను, దాంట్ల రాగముంది" అనేవాడు. "గీ పప్పు మనుషులు తింటరా?" అని మెస్‌లో నేను అరిచిన అరుపు పై వారానికల్లా పాటైంది. పాడింది మా నిజామాబాద్ వంటవాడే!

సౌదీలను పనిలో సరిపడా పెట్టుకోలేదని నితాఖత్ చట్టం కింద మా కంపెనీని ఎరుపు జాబితాలో వేశారు. అక్కడ ఉండనిచ్చే ఇకామాలు రెన్యువల్ కాలేదు. ఇంటికి పంపే మొదటి ఎగ్జిట్ మేస్త్రికే వచ్చింది. బస్సు దగ్గర నాకు దుఃఖం ఆగలేదు.

"నువ్వు వోతే మాకెవరున్నరే కాకా?"

ఆయన పెట్టె కిందపెట్టి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"మల్లొక్కపారి అను."

అన్నాను. అక్కడికక్కడే రాగం కట్టాడు. బస్సు కదిలేసరికి క్యాంపంతా అందుకుంది. ఏడవాల్సినవాళ్లం నవ్వుతున్నాం.

తర్వాత వెళ్లిన ప్రతివాణ్నీ ఆ పాటతోనే సాగనంపాం. నా వంతు వచ్చినప్పుడు మాత్రం వంటవాడు దాన్ని ఎత్తుకోలేదు. బస్సు కిటికీ దగ్గరికి వచ్చి, కాకా కట్టిన రాగం ఎక్కడా తప్పకుండా, "గీ పప్పు మనుషులు తింటరా?" అని గొంతెత్తి పాడాడు.