ఫీజుల మాట చెప్పుకోవడానికి మద్రాసు వెళ్లిన రోజు

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు రేపల్లె నుంచి పాసింజరు బండిలో తెనాలి వచ్చి, ఫోను మేనత్తనైన నా ముందు పెట్టింది. అక్కడి నగరం అనే ఊరి చుట్టుపక్కల చేలల్లో డ్రోనుతో పురుగుమందు కొట్టడం ఆ పిల్ల బతుకుతెరువు. విమానాలతోపాటు డ్రోన్లనూ చూసుకునే నియంత్రణ సంస్థవారు లైసెన్సులకీ తనిఖీలకీ ఫీజులు మార్చబోతున్నారట, దానిమీద ఎవరైనా అభిప్రాయం పంపవచ్చునట. "నీకు ఇంగ్లీషు బాగా వచ్చుగా ఫుప్పూ, నాలుగు ముక్కలు రాసిపెట్టవా" అంది. రాసిపెట్టాను. పంపీ పంపగానే అభిప్రాయం అందిందనీ, ధన్యవాదాలనీ జవాబొచ్చింది. పిల్ల సంబరపడిపోయి, టీ కూడా తాగకుండా వచ్చిన దారినే వెళ్లిపోయింది. నేను మాత్రం కళ్లజోడు తీసి పక్కన పెట్టాను. విమానాల ఫీజుల మీద ఇలాంటి పని నేను ఇదివరకు ఒకసారి చేసినదాన్నే మరి.

మా నాన్న తెనాలిలో దర్జీ. మా వీధిలో టైపు నేర్చుకున్న మొదటి ఆడపిల్లను నేనే. ఆ టైపు పుణ్యమా అని నాకు దొరికిన తొలి ఉద్యోగం, నమ్ముతారో లేదో, ఒక విమానం కంపెనీలో. కంపెనీ అంటే మరేం లేదు, ఎరువుల కొట్టు మేడమీద ఒక గది, ఒక టైపుమిషను, బాపట్ల అవతల చదును చేసిన నేలమీద ఒకే ఒక్క పసుపుపచ్చ విమానం. వరికి దోమ పట్టిన రోజుల్లో అది కంకులకు తగులుతుందేమో అన్నంత కిందుగా ఎగురుతూ మందు చల్లుతుంటే, గట్లమీద మనుషులు తెల్లగుడ్డలు ఊపి దారి చూపేవారు. ఆ మోత విని అన్నం ముందునుంచి లేచి పరుగెత్తనివాళ్లు మన ఈడువాళ్లలో ఉండరనుకుంటాను. మా యజమాని అంగలకుదురు రైతు. ఉన్న పొలం అమ్మి విమానం కొని, నడపడానికి జీతం మీద పైలట్‌ను పెట్టుకున్నారు. ఆ సాహసం తలుచుకుని ఆయన భార్య, మేమంతా అక్కయ్యగారు అని పిలిచే ఆవిడ, అప్పుడప్పుడూ నిట్టూర్చేవారు.

విమానం ఎగరడానికి తగినట్టుందని ఏటా సర్టిఫికెట్టు తీసుకోవాలి. దాని ఫీజు పెంచదలిచామనీ, చెప్పుకునేది ఏమైనా ఉంటే మద్రాసు వచ్చి చెప్పుకోవచ్చుననీ ఒక ఏడాది విమానయాన శాఖనుంచి కబురొచ్చింది. ప్రయాణికుల్ని మోసే పెద్ద విమానానికీ మాదానికీ ఒకటే ఫీజు. పంట కాలంలో తప్ప పని లేని మాకు అది మెడమీద కత్తే. యజమానికి ఇంగ్లీషు అంతంతమాత్రం కనుక నన్నూ రమ్మన్నారు. అక్కయ్యగారు తోడుంటేనే పంపుతానని మా నాన్న పట్టుబట్టడంతో ముగ్గురమూ రైలెక్కాం.

అక్కడ హాలునిండా సూట్లు వేసుకున్న పెద్ద కంపెనీలవాళ్లు. మా వంతు వచ్చినప్పుడు యజమాని పంచె సర్దుకుని లేచి తెలుగులోనే అందుకున్నారు. "మాది చేలో పనిచేసే బండండి. దోమొస్తే తిరుగుద్ది, లేకపోతే షెడ్డులో ఉంటది. పెద్ద విమానాలతో కలిపి కట్టేస్తే మేం నిలబడలేమండి." ఆయన పక్కన నిలబడి ఒక్కో మాటా ఇంగ్లీషులో చెప్పాను. వెనక ఎవరో నవ్వారు. మధ్యలో కూర్చున్న పెద్ద అధికారి మాత్రం నవ్వకుండా ఆసాంతం విన్నారు.

అయిపోయాక ఆయన మమ్మల్ని వెతుక్కుంటూ వరండాలోకి వచ్చారు. మేం చెప్పింది న్యాయమేననీ, కానీ పైవాళ్లు ఇదివరకే నిర్ణయించేశారనీ, ఆశ పెట్టుకోవద్దనీ నాతో నెమ్మదిగా ఇంగ్లీషులో అన్నారు. "ఏంటమ్మాయ్, ఏమంటున్నారు?" అని యజమాని ఆత్రంగా అడిగారు. నేను తలొంచుకుని చేతిలోని కాగితాలు సర్దుకోసాగాను. ఆయన నా మొహంలోకి చూసి, "సర్లే, చెప్పొద్దులే. అర్థమైంది" అని, అధికారికి రెండు చేతులూ జోడించారు. ఏం జరిగిందో తెలియని అక్కయ్యగారు పులిహోర పొట్లం విప్పి, "మీరూ ఓ ముద్ద తినండి బాబూ" అన్నారు. అధికారి కాదనకుండా ఆకుముక్కలో పెట్టించుకుని, మా పక్కనే నిలబడి, ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నారు.

ఫీజు వాళ్లనుకున్నట్టే పెరిగింది. ఆ పంట కాలం ఎలాగో నెట్టుకొచ్చి, విమానాన్ని ఉత్తరాదివారెవరికో అమ్మేశారు. అది వెళ్లిపోయే రోజు పొద్దున్నే మేమంతా బాపట్ల వెళ్లాం. యజమాని తన కండువాతోనే రెక్కలమీది మంచు తుడిచారు. అది సముద్రం వైపు లేచి చుక్కంతైపోయేదాకా కదలకుండా చూసి, "పదండి, ఎండెక్కుతోంది" అన్నారు. అంతే, మళ్లీ ఆ ఊసెత్తలేదు. తరవాత ఆయన పురుగుమందుల కొట్టు పెట్టుకున్నారు. నేను రైసుమిల్లు ఆఫీసులో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే టైపు కొట్టాను.

ఈమధ్య మన అభిప్రాయాలు అడగడం ఎక్కువైంది. కరెంటు చార్జీలకు అడుగుతారు, పన్నులకు అడుగుతారు, ఎంతో మర్యాదగానే అడుగుతారు. అడిగిన ప్రతిసారీ రాస్తూనే ఉన్నాను, అందిందన్న జవాబే తప్ప ఏదీ మారక రాసి రాసి విసిగిపోయాను. వెనకటి రోజుల్లో మాత్రం మనకు ఒరిగిందేముంది కనుక? కాకపోతే అప్పుడు, కాదని చెప్పడానికి ఒక మనిషి మన ఎదుటికి వచ్చేవాడు, చెప్పలేక చెప్పేవాడు. ఇప్పుడు కాదన్నదెవరో కూడా తెలియదు. కోపం వచ్చినా ఎవరిమీద తెచ్చుకోవాలో తోచక, ఊరికే కళ్లు మూసుకుని కాసేపు పడుకుంటున్నాను.