జెల్ల ముల్లు, చల్లబడిన చెయ్యి

నాన్న చేతిలో జెల్ల చేప ముల్లు దిగితే మా ఇంట్లో ఎవరూ కంగారుపడేవారు కాదు. అండమాన్‌లోని మా హోప్ టౌన్‌లో వల విదిల్చే ప్రతి చేతికీ అది మామూలే. వేడి ఉప్పు మూటతో కాపడం పెడితే విషం విరిగి సలుపు తగ్గేది. మావాళ్ళు శ్రీకాకుళం తీరం నుంచి వలలతో పాటు తెచ్చుకున్న వైద్యం అది. కాపడం పెట్టే పని నాది. పదిహేనేళ్ళకే చెయ్యి తిరిగిందని నాకు కాస్త పొగరు కూడా.

ఆసారి మాత్రం మూడో రోజుకి చెయ్యి మోచేతి దాకా ఎర్రగా వాచింది. ఒళ్ళు కాలిపోతోంది. విషం ఇంకా విరగలేదనుకుని నేను మూట మరింత వేడి చేశాను. నాలుగో రోజు మధ్యాహ్నం జ్వరం ఉన్నట్టుండి దిగిపోయింది. కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. అమ్మ గంగమ్మకు దణ్ణం పెట్టుకుని, నిద్రపోనీయమంది. నా కాపడమే పనిచేసిందని నేను కడుపునిండా అన్నం తిన్నాను.

పడవ సంగతి అడగడానికి వచ్చిన మావయ్య నాన్నను రెండుసార్లు పిలిచాడు. నాన్న కళ్ళు తెరవకుండానే వల లాగమని గొణిగాడు. మావయ్య ఆయన పాదాలు పట్టి చూశాడు.

"అక్కా, ఇది నిద్దర కాదు. బావని జల్దీ అవతలి ఆస్పత్రికి తీసికెల్లిపోవాల."

డింగీ పడవలో నాన్న పాదాలు నా ఒళ్ళో పెట్టుకుని పోర్ట్ బ్లెయిర్ దాకా రుద్దుతూనే ఉన్నాను. ఎంత రుద్దినా వేడెక్కలేదు. అంత భయం నాకు మళ్ళీ ఎప్పుడూ వేయలేదు.

ముల్లుతో పాటు క్రిములు దిగాయని డాక్టరు హిందీలో చెప్పాడు. వాటిని ముందు చూసిన రక్తకణాలు మిగతావాటికి కబురు పంపుతాయట. అవి వచ్చి చేరడమే వాపూ వేడీ. అక్కడి వరకూ మంచిదే. ఆ కబురు ఒళ్ళంతా పాకితే మాత్రం రక్తనాళాలు వదులై, రక్తపోటు పడిపోయి, మనిషి చల్లబడతాడట. ఒక పడవవాడు చేపల గుంపు చూసి తువ్వాలు ఊపితే తీరంలోని పడవలన్నీ వచ్చిపడి వలలు చిక్కుపడ్డట్టు అని మావయ్య అమ్మకు చెప్పాడు. ఉప్పు మూట క్రిములను ఏం చేస్తుందో డాక్టరును అడగాలనుకున్నాను. ధైర్యం చాలలేదు.

నాన్న బతికాడు. ఆ చేతికి రెండు వేళ్ళు తీసేశారు.

ఆ తర్వాత రోజూ టీ గ్లాసు అందించే వంకతో మిగిలిన మూడు వేళ్ళనూ తాకి చూసేదాన్ని. ఎవరికీ తెలియదనుకున్నాను. ఒక పొద్దున ఆయన గ్లాసు పక్కన పెట్టి, నా చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు.

"ఎచ్చగానే ఉన్నాయిలే గుంటా," అన్నాడు.