ఐదుగురుంటే సంఘం

దేవ్‌సింగ్‌కి సంఘాల పిచ్చి. కొందరికి సినిమా పిచ్చి ఉంటుంది, కొందరికి క్రికెట్ పిచ్చి ఉంటుంది. వయసు మీద పడితే అవి తగ్గుతాయని పెద్దలంటారు. ఇది తగ్గే రకం కాదు. నలుగురు ఒకచోట నిలబడి కనిపిస్తే చాలు, ఆ నలుగురిలో ఉమ్మడిగా ఏముందో పట్టేసి, ఐదోవాడిగా తాను చేరి, పొద్దుగూకేలోగా సంఘం పెట్టేస్తాడు. ఒకసారి కొత్తగూడెం బస్టాండులో భద్రాచలం బస్సు కోసం గంటన్నర నిలబడాల్సి వచ్చింది. బస్సు వచ్చేసరికి ‘సీటు దొరకని ప్రయాణికుల సంఘం’ పుట్టింది, దానికి ఆ బస్సు కండక్టరే గౌరవాధ్యక్షుడయ్యాడు. ఆ కండక్టరు ఇప్పటికీ దేవ్‌సింగ్ స్నేహితుడు తిరుపతి కనిపిస్తే, “అన్నా, మన సంఘం మీటింగ్ ఎప్పుడే?” అని అడుగుతుంటాడు.

తిరుపతిని ఎందుకు అడగాలంటే, కార్యదర్శి అతనే కాబట్టి. ఆ సంఘానికే కాదు, దేవ్‌సింగ్ పెట్టిన అన్ని సంఘాలకూ అతనే. బొగ్గుబాయి కార్మికుడి కొడుకు, క్వార్టర్స్‌లో పుట్టి పెరిగినవాడు, చదువుకుని ఉద్యోగం చేసుకుందామని యూనివర్సిటీకి వచ్చాడు. వచ్చిన రోజున హాస్టల్లో దేవ్‌సింగ్ గది కేటాయించారు. అది అతని తలరాత.

కొత్తగూడెం దాటి అడవి మొదలయ్యేచోట ఉంది ఆ క్యాంపస్. అక్కడ మొదటినుంచీ సంఘాలకు లోటు లేదు. బంజారా విద్యార్థుల సంఘం ఉంది. ఆదివాసీ విద్యార్థుల సంఘం ఉంది. బొగ్గుబాయి కాలనీ పిల్లలదొకటి. సత్తుపల్లి, మధిర వాళ్లది ఇంకొకటి, వాళ్ల మాటలో ఆంధ్రా యాస ఉందంటే మాత్రం ఊరుకోరు. బంజారాల తీజ్ అయినా, కోయల కొమ్ము ఆట అయినా, బతుకమ్మ అయినా ఎవరి పండుగ వాళ్లు ఘనంగా చేసుకుంటారు, పక్కవాళ్లను పిలిచి భోజనం పెడతారు. అంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ఆదివారం మధ్యాహ్నం కోడికూర దగ్గర వచ్చింది. మెస్‌లో టేబుళ్లు తక్కువ. ఒకసారి టేబుల్ కోసం పెద్ద రగడే అయింది. దాంతో వార్డెన్ ముత్యాలు సార్ ఒక రూలు పెట్టారు. ఆదివారం సంఘానికో టేబుల్. సంఘమంటే కనీసం ఐదుగురు సభ్యులు, వాళ్లలో ఒక అధ్యక్షుడు, ఒక కార్యదర్శి, నోటీసుబోర్డు మీద పేరు. సంఘం లేనివాళ్లు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ సర్దుకోవాలి. రూలు విని అందరూ గొణిగారు. దేవ్‌సింగ్ ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

తర్వాతి వారమే ‘వంకాయ తిననివారి సంఘం’ వెలిసింది. అధ్యక్షుడు తుల్సీరాం అని, నోట్లో నాలుక లేని కుర్రాడు. వంకాయ తింటే ఒళ్లంతా దద్దుర్లు.

“మొన్ననే గుత్తొంకాయ రెండుసార్లు ఏసుకున్నవ్ కదరా?” అన్నాడు తిరుపతి దేవ్‌సింగ్‌తో.

“మొన్న సంఘం లేదు కద,” అన్నాడు దేవ్‌సింగ్.

అన్నమాట ప్రకారం ఆ ఏడంతా వంకాయ ముట్టలేదు. గుత్తి వంకాయ వండిన రోజున తిరుపతి ప్లేటు వంక చూసి నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పులకు తిరుపతికీ వంకాయ సహించడం మానేసింది.

తర్వాత ‘ఎడమచేతివాటం వారి సంఘం’. అధ్యక్షుడు సంతోష్.

“నాది కుడిచేయిరా! నేనెట్ల కార్యదర్శినైత?” అని మొత్తుకున్నాడు తిరుపతి.

“మినిట్స్ బుక్కు చదవొచ్చేటట్టు రాసేటోడు ఒక్కడన్న ఉండాలె కదరా. గందుకే నిన్ను పెట్టిన.”

“మరి నీది ఏ చెయ్యి?”

“నిన్నటి సంది ఎడమ.”

నమ్మకపోతే పోనీ, దేవ్‌సింగ్ ఇంటర్నల్ పరీక్ష కూడా ఎడమచేత్తోనే రాశాడు. జియాలజీ సార్ ఆ పేపరును నాలుగు వైపులా తిప్పి చూసి, “ఇది జవాబా, మ్యాపా?” అని అడిగారు. మ్యాపు అనుకునే మార్కులు వేశారని తిరుపతి అనుమానం.

ఇవన్నీ చూసి క్యాంపస్ ఒక నిర్ణయానికి వచ్చింది. విద్యార్థి ఎన్నికలు ఎప్పుడు పెడతారో దేవుడికే తెలియాలి గానీ, పెట్టిన రోజున వీడు నిలబడతాడు, ఈ ఓట్లన్నీ గంపగుత్తగా దండుకుంటాడు. తిరుపతి కూడా అదే నమ్మాడు. లేకపోతే, దేవ్‌సింగ్ తన బంజారా సంఘానికి కిటికీ పక్కన పెద్ద టేబుల్ ఉండగా, అక్కడ కూర్చోకుండా ఆదివారం ఆదివారం మెస్ గుమ్మం దగ్గర నిలబడి, వచ్చేపోయేవాళ్ల ప్లేట్లు చూస్తూ ఉండటమేమిటి? అది ప్రచారం కాకపోతే ఇంకేమిటి?

అలా ప్లేట్లు చూస్తున్న ఒక ఆదివారమే శోభారాణి కనిపించింది. ఫస్టియర్ అమ్మాయి. ప్లేటు మీద ప్లేటు బోర్లించుకుని, తల వంచుకుని హాస్టల్ వైపు పోతోంది.

“చెల్లె, గదికి తీస్కపోతున్నవేంది? జరం గిట్ల వచ్చిందా?” అన్నాడు దేవ్‌సింగ్.

“లేదన్నా. మంచిగనే ఉన్న. రేపు టీసీ తీస్కొని ఇంటికి పోతున్న. ఇంక రెండు పూటల అన్నమే. ఏడ తింటే ఏంది?”

దేవ్‌సింగ్ పక్కకు జరగలేదు. గుమ్మం అంతా అతనే ఉన్నాడు. వేరే దారిలేక ఆ పిల్ల చెప్పింది. వాళ్లమ్మ సోమమ్మది దుమ్ముగూడెం దిక్కు కోయగూడెం. నాన్నది బొగ్గుబాయి కాలనీ.

“ఆదివాసీ టేబుల్ కాడికి పోతే అందరు కోయ భాషల మాట్లాడుకొని నవ్వుతరు. నాకు సమజ్ కాదు. ఆల్లు నవ్వినంక ఆఖరుకు నేను నవ్వుత. కాలనీ టేబుల్ కాడ అందరు ఒక్క బళ్లె సదివినోల్లే, ఆ ముచ్చట్లే చెప్పుకుంటరు. ఎవ్వరు పొమ్మనలే అన్నా. నాకే కూసోబుద్ధి కాలే.”

“అమ్మ నీకు కోయ నేర్పలేదా?”

“బళ్లె ఎక్కిరిస్తరని నేర్పలే. మా అమ్మమ్మ వస్తే అమ్మ నడుమల కూసొని ఇద్దరికి చెప్తది.”

ఇంకొకరైతే అయ్యో పాపం అనేవారు. దేవ్‌సింగ్ మొహం మాత్రం లాటరీ తగిలినట్టు వెలిగిపోయింది.

“అంటే నీకు అమ్మ భాష రాదన్నట్టు! అరె, నాకు సుత రాదు!”

వెనకాల మంచినీళ్లు తాగుతున్న తిరుపతికి పొరబోయింది. ఆ ఉదయమే, సిగ్నల్ కోసం హాస్టల్ మేడెక్కి, దేవ్‌సింగ్ వాళ్లమ్మతో ముప్పావుగంట బంజారాల గోర్‌బోలీలో మాట్లాడటం అతను చెవులారా విన్నాడు. ఆ పిల్ల కాస్త పక్కకు వెళ్లగానే నిలదీశాడు.

“పొద్దుగాల మాట్లాడింది ఏ భాషరా?”

“నెట్‌వర్క్ మంచిగ లేదు. నీకు గట్ల ఇనిపించింది.”

ఆ సాయంత్రమే ‘అమ్మ భాష రానివారి సంఘం’ అర్జీ ముత్యాలు సార్ బల్ల మీదికి చేరింది. సార్ కళ్లజోడు పైకెత్తి చదివారు.

“ఏందయ్యా ఇది? రాని దానికి సంఘమా?”

“వచ్చినోల్లకు ఎన్నో ఉన్నయ్ సార్. రానోల్లకే ఒక్కటి లేదు.”

సార్ కళ్లజోడు సర్దుకుని సంతకం పెట్టారు. అధ్యక్షురాలు శోభారాణి. సభ్యుల్లో హేమలత ఒకతె, వాళ్లమ్మది ఛత్తీస్‌గఢ్ పక్క పల్లె. ఇంకొకడు రామ్‌సింగ్. ఇతను చాటుగా వచ్చి చేరాడు, ఎందుకంటే బంజారా సంఘం స్టేజీ మీద పాటలన్నీ పాడేది అతనే, వాటిలో ఒక్క ముక్కకూ అతనికి అర్థం తెలియదు. కార్యదర్శి ఎవరో చెప్పనక్కర్లేదు.

“నాది తెలుగేరా! మా అమ్మదీ తెలుగే!” అన్నాడు తిరుపతి.

“మీ అమ్మ తిట్టే తిట్లల్ల సగం నీకు సమజ్ కావు. చాలు,” అన్నాడు దేవ్‌సింగ్. అది నిజమే కాబట్టి తిరుపతి మినిట్స్ బుక్కు తీశాడు.

సోమవారం శోభారాణి వెళ్లలేదు. “వచ్చే సోమవారం పోత,” అంది. ఆ సోమవారం సంఘం మీటింగ్ పెట్టారు. అధ్యక్షురాలు లేకుండా మీటింగ్ ఎలా జరుగుతుంది? ఆ తర్వాత సోమవారం ఇంకో మీటింగ్. ఈలోగా ఒక వింత జరిగింది. ఒక్కొక్కరే చీకట్లో దొంగల్లా వచ్చి, పేరు రాయించుకుని పోవడం మొదలైంది. ఆదివాసీ సంఘం సభల్లో మైకు పట్టుకునే కుర్రాడు వచ్చాడు, కోయలో నమస్కారం ఒక్కటే వచ్చునట. ఇంట్లో ఉర్దూ అర్థమవుతుంది గానీ నోరు తిరగదని ఒకమ్మాయి వచ్చింది. నెల తిరిగేసరికి ముప్పైమంది అయ్యారు, రెండు టేబుళ్లు కలపాల్సి వచ్చింది. శోభారాణి ఆ టేబుల్ చివర కూర్చుని అందరికీ కూర వడ్డించేది. జోకు పేలగానే నవ్వేది, అందరికంటే వెనక కాదు.

అప్పుడు వచ్చింది మంగ్లి, దేవ్‌సింగ్ తల్లి. జూలూరుపాడు దగ్గర తండా వాళ్లది. పాల్వంచలో కూతుర్ని చూడబోతూ, దారిలో కొడుకునూ చూద్దామని దిగింది. ఆదివారం మధ్యాహ్నం, మెస్ కిక్కిరిసి ఉన్న వేళ, జొన్నరొట్టెల మూట చంకన పెట్టుకుని తిన్నగా లోపలికి నడిచింది. కొడుకు సంఘం టేబుల్ మధ్యలో ఉన్నాడు. చుట్టూ ముప్పైమంది, ఎదురుగా శోభారాణి.

మంగ్లి గోర్‌బోలీలో గలగలా పలకరించింది. రెండేళ్లు ఒకే గదిలో ఉన్న పుణ్యాన తిరుపతికీ అది అర్థమైంది. సన్నబడ్డావేమిరా అంటోంది, నిన్న ఫోను ఎత్తలేదేమిరా అంటోంది.

దేవ్‌సింగ్ లేచి నిలబడ్డాడు. శోభారాణి వైపు చూశాడు. చివరికి, “మంచిగున్నవా అమ్మా? ఏమంటున్నవో జర తెలుగుల చెప్పరాదె,” అన్నాడు.

కొడుకు వేళాకోళం ఆడుతున్నాడని మంగ్లి నవ్వింది. మళ్లీ తన భాషలోనే అడిగింది. దేవ్‌సింగ్ మళ్లీ తెలుగులోనే, అదీ అత్తవారింటికి వచ్చిన కొత్త అల్లుడిలా నసిగాడు. మంగ్లి నవ్వు ఆగిపోయింది. ఆమెకు తెలుగు బాగానే వచ్చు. టేబుల్ వాళ్లందరికీ వినిపించేలా తెలుగులోనే అంది:

“రెండేండ్లు సదివిస్తే నా కొడుకు నన్నే ఏమంటున్నవ్ అంటుండు. గీ సదువు నాకెందుకయ్యా?”

కళ్లు కొంగుతో ఒత్తుకుంది. దేవ్‌సింగ్ చెవులదాకా ఎర్రబడిపోయాడు, అయినా గోర్‌బోలీ మాట ఒక్కటి బయటికి రానివ్వలేదు. అది చూశాక తిరుపతికి ఎన్నికల మాట మీద నమ్మకం పోయింది. ఓటు కోసం తల్లిని ఏడిపించే మనిషి కాడు వీడు. తుల్సీరాం, సంతోష్, ఈ పిల్ల, అధ్యక్షులందరూ ఒకప్పుడు ప్లేటు మీద ప్లేటు బోర్లించుకుని గదికి పోయినవాళ్లే. వాళ్లకు ఏది లేకపోతే అది తనకూ లేదన్నాడు వీడు. రెండేళ్లు పక్క మంచం మీద పడుకుని కూడా అది కనిపెట్టలేకపోయినందుకు తిరుపతికి తన మీద తనకే కోపం వచ్చింది, వీడి మీద చెప్పలేనంత ప్రేమా వచ్చింది.

శోభారాణి గరిటె కింద పెట్టింది.

“అన్నా, అమ్మతోని మంచిగ మాట్లాడు. నాకు తెల్వదనుకున్నవా? నువ్వు పొద్దుగాల మేడెక్కి మొత్తుకునేది మా హాస్టల్ దాక ఇనిపిస్తది. నా రూమ్మేట్లు అలారం పెట్టుకునుడే బంద్ చేసిన్రు.”

“ఎప్పుడు తెల్సింది?” అన్నాడు దేవ్‌సింగ్, పీలగొంతుతో.

“సంఘం పెట్టిన తెల్లారే.”

“మరి చెప్పలేదేంది?”

“చెప్తే నలుగురమే మిగులుదుము కద. సంఘం పోతుండె. టీసీ అర్జీ ఎప్పుడో చింపిన గని, ముందుగాల అమ్మను చూడు.”

అంతే. గోదావరికి వరద వచ్చినట్టు వచ్చింది గోర్‌బోలీ. “యాడీ!” అని తల్లిని పిలుస్తూ మొదలుపెట్టి, వంకాయ దగ్గర్నుంచి ఎడమచేతి పరీక్ష దాకా ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు. మంగ్లి విన్నది విన్నట్టే వీపు మీద రెండు చరిచింది, తర్వాత దగ్గరికి తీసుకుంది. ఆపైన శోభారాణి పక్కనే కూర్చుని మూట విప్పింది. రొట్టెను తమ భాషలో ఏమంటారో చెప్పి పిల్లలందరిచేత అనిపించాకే తుంచి పెట్టింది. రామ్‌సింగ్ అయితే, తాను మూడేళ్లుగా ఆవేశంగా పాడుతున్న పాటకు అర్థం అడిగి తెలుసుకుని, అది పసిపిల్లల జోలపాట అని తేలాక తలపట్టుకున్నాడు.

చేతులు కడుక్కున్నాక శోభారాణి బల్ల మీద గరిటెతో మూడుసార్లు కొట్టి, అత్యవసర సమావేశం అని ప్రకటించింది. అమ్మ భాష గడగడా మాట్లాడుతూ అందరి ముందూ పట్టుబడినందుకు, వ్యవస్థాపక సభ్యుడు దేవ్‌సింగ్‌ను సంఘం నుంచి తీసేయాలి. అయితే, ఈ టేబుల్ దగ్గర కూర్చునే హక్కు అతనికి శాశ్వతంగా ఉంటుంది. తిరుపతి తీర్మానం రాసి, పైకి చదివి, ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తండి అన్నాడు.

అందరికంటే ముందు చెయ్యెత్తినవాడు దేవ్‌సింగే.